టీవీకి కలిపే కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు కావాలా?

పార్సిప్పనీలో మంచు కురిసే శనివారం సాయంత్రం పాత కంప్యూటరును టీవీకి కలిపి తెలుగు సినిమా చూద్దామంటే, మొదట వచ్చే సందేహం ఇదే. చాలా ఇళ్ళలో కార్డు అక్కర్లేదు.

వీడియోను కుదించి దాస్తారు; చూసేటప్పుడు విప్పాలి. ఆ పద్ధతులనే కోడెక్‌లు అంటారు. హెచ్.264 2003లో, హెచ్‌ఈవీసీ 2013లో, ఏవీ1 2018లో వచ్చాయి. విప్పే పనికి చిప్పులో ప్రత్యేక భాగం ఉంటే బొమ్మ సాఫీగా నడుస్తుంది. లేకపోతే ఆ బరువంతా ప్రాసెసరే మోయాలి. ఫ్యాను మోత, ఆగి ఆగి నడిచే బొమ్మ!

1957 నాటి "మాయాబజార్" డీవీడీకి ఏ పాత చిప్పయినా చాలు. 4కె సినిమాలకైతే ఇంటెల్ కోర్ 7వ తరానికి హెచ్‌ఈవీసీ వచ్చు, 11వ తరానికి ఏవీ1 కూడా వచ్చు. పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగమే ఉండదు, వాటికి కార్డు తప్పదు.

చవక అని తొందరపడకండి. ఎన్విడియా జీటీ 1030 (2017)కి ఏవీ1 రాదు. ఇంటెల్ ఆర్క్ ఏ310 (2022)కి వచ్చు. సన్నటి కంప్యూటరు పెట్టెలో పొట్టి కార్డే పడుతుంది.

పిల్లలూ! సినిమా నడుస్తుండగా విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరవండి. 'వీడియో డీకోడ్' గీత పైకి లేచిందా? అయితే కార్డు డబ్బులు మిగిలినట్టే!