నల్లరాతి సాక్ష్యము

గోదావరీ తీరమున, రాజమహేంద్రవరమునకు సమీపమునందలి కాతేరు, పంగిడి గ్రామములయొద్ద నల్లని గట్టిరాయి కనబడును. కంకరరాయివలె తోచు దానియందు చూపరులకు విశేషమేమియు గోచరింపదు. కాని ఇట్టి రాయియే ఒక గొప్ప శాస్త్రవివాదమున సాక్ష్యము పలికినది.

1912వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడగు ఆల్ఫ్రెడ్ వెగెనర్, ఖండములు పూర్వమొకటిగానుండి విడిపోయి మెల్లమెల్లగా కదలుచున్నవని ప్రకటించెను. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల తీరములు ఒకదానితో నొకటి అతుకునట్లుండుట, సముద్రమున కిరువైపుల ఒకే విధమైన శిలాజములు దొరకుట ఆయన చూపిన నిదర్శనములు. ఇంత బరువైన ఖండములను కదల్చు శక్తి యేదని తోడి శాస్త్రజ్ఞులు ప్రశ్నించిరి. ఆయన తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయెను. పలువురు పరిహసించిరి. 1930లో వెగెనర్ గ్రీన్లాండు మంచునేలపై మరణించునాటికి ఆ సిద్ధాంతమును నమ్మినవారు కొలదిమందియే.

ఆ సిద్ధాంతమునకు పిమ్మట బలము చేకూర్చిన వానిలో దక్కను నల్లరాయి యొకటి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట పశ్చిమ భారతమున నేల నెరియలు విచ్చి, కరగిన శిలాద్రవము పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టెను. ఆ రాతికి బసాల్టు అని పేరు. నేటికిని అది ఇంచుమించు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. అజంతా గుహలను శిల్పులు తొలిచినది ఈ రాతియందే. రాజమహేంద్రవరపు రాయి రసాయనికముగా దానితో సరిపోలుచున్నది. కావున ఆ ద్రవము ప్రాచీన నదీలోయల వెంబడి దాదాపు వేయి కిలోమీటర్లు ప్రవహించి వచ్చినదని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

బసాల్టులో మాగ్నటైటు అను ఇనుపఖనిజపు రేణువులు కలవు. రాయి సుమారు 580 డిగ్రీల సెంటిగ్రేడు దిగువకు చల్లారునపుడు, ఆనాటి భూ అయస్కాంతక్షేత్రపు దిశ ఆ రేణువులయందు ముద్రపడును. స్వేచ్ఛగా వ్రేలాడు అయస్కాంతపు సూది భూమధ్యరేఖకడ నేలకు సమాంతరముగా, ధ్రువముకడ నిటారుగా నిలుచును; నడుమ ప్రదేశములందు అక్షాంశమునకు తగినట్లు వాలును. రాతిలోని ముద్రయు అట్టిదే. ఆ వాలును కొలిచినచో రాయి పుట్టిన అక్షాంశము తెలియును.

1956లో క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ అను శాస్త్రజ్ఞులు భారతదేశపు శిలల అయస్కాంతత్వమును గూర్చిన పరిశోధనను ప్రకటించిరి. దక్కను రాయి పుట్టిననాడు ఈ దేశము భూమధ్యరేఖకు ఎంతో దక్షిణముగా నుండెనని ఇట్టి పరిశోధనలవలన తేలెను. ఆ స్థానము సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశమని తరువాతి కొలతలు తెలుపుచున్నవి. అనగా ఈ రాయి, తన్ను మోయు నేలతో కూడ, 5,000 కిలోమీటర్లకు పైగా పయనించినది!

ఆ పయనపు జాడ సముద్రమునందును కలదు. 1987లో హిందూమహాసముద్రపు అడుగును తొలిచి తీసిన బసాల్టు వయస్సు మాల్దీవులకడ సుమారు 5 కోట్ల 70 లక్షల ఏండ్లు, ఇంకను దక్షిణమున చాగోస్ కడ దాదాపు 4 కోట్ల 90 లక్షల ఏండ్లు. ఆ వరుస చివరనున్న రియూనియన్ ద్వీపమున నేటికిని అగ్నిపర్వతము రగులుచున్నది. వెలుగుచున్న దీపముపై తాటాకును మెల్లగా జరపినచో దానిపై మసిచార యేర్పడును గదా! అట్లే భూగర్భపు వేడితావుపై భూఫలకము జరుగుటచే ఈ శిలల వరుస యేర్పడినది.

వెగెనర్ చెప్పలేకపోయిన సమాధానము 1960 తరువాత క్రమముగా లభించెను. భూగర్భపు వేడిమియు, చల్లబడి లోనికి దిగు సముద్రతలపు బరువును ఫలకములను కదల్చుచున్నవి. అట్లు కదలి వచ్చిన భారతభూమి ఆసియాతో ఢీకొనుటచేతనే హిమాలయములు లేచినవి. నేటికిని అది ఏటేట కొన్ని సెంటిమీటర్లు ఉత్తరమునకు జరుగుచున్నది. మహాపండితులు కాదన్న సత్యమును ఆ నల్లరాయి కోట్లాది ఏండ్లు తనలో భద్రపరచియుంచినది. అడుగువారు వచ్చిన పిదప సాక్ష్యము చెప్పినది.