చుట్టు తిరిగినా... ముందే!

దగ్గరి దారిలో వెళ్తే త్వరగా చేరతాం. ఆకాశంలో మాత్రం ఆ లెక్క అన్నిసార్లూ కుదరదు!

దిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్‌ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిరిండియా విమానం తూర్పు వైపు తిరిగి పసిఫిక్‌ మీదుగా వెళ్లింది. ఏకంగా 15,300 కిలోమీటర్లు. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది. పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ఆదా!

మర్మమంతా గాలిదే. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే జెట్‌స్ట్రీమ్‌ విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. అందుకే అప్పట్లో తిరుగు ప్రయాణమూ తూర్పుకే, అట్లాంటిక్‌ మీదుగా సాగింది. అంటే... వెళ్లొస్తే భూప్రదక్షిణే!

అమెరికా వెళ్లిన పిల్లల ఫోను కాస్త ఆలస్యమైందా? కంగారొద్దు... ఎదురుగాలి కావచ్చు.