బేసు ‘బర్రు’మంటే... జబ్బు ఎక్కడ?

• సొంత బాక్సులు, సొంత యాంప్లిఫయర్లతో ఆర్కెస్ట్రా కుర్రాళ్ల తంటాలు
• గిటారు, యాంపు, స్పీకరు, చెక్కపెట్టె... ఒక్కోదానికి ఒక్కో రోగం
• ఎర్తు పిన్ను పీకేస్తే ప్రాణానికే ముప్పు

అత్తిబెలె: పెళ్లి రిసెప్షన్. స్టేజీ మీద ఆర్కెస్ట్రా. ముందు వరుసలో కన్నడ పాట అడిగినోళ్లు. వెనక తెలుగు పాట కోసం చీటీ పంపినోళ్లు. ఆ పక్కన తమిళ పాటకు ఈల వేసే కుర్రాళ్లు. సరిహద్దు ఊళ్లలో పెళ్లంటే మూడు భాషలూ మోగాల్సిందే. ఇంతలో ఇళయరాజా పాట ఎత్తుకున్నారు. బేస్ గిటార్ మీద మందపాటి తీగ మీటగానే బాక్సులోంచి ‘బర్ర్‌ర్‌...’ మంటూ చినిగిన తప్పెట మోత. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. పెళ్లివారి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ‘ఏమప్పా, ఆ డబ్బా అట్లా అరుస్తాండాది?’ అన్న మాటతో కుర్రాళ్ల ముఖాలు మాడిపోయాయి.

బెంగళూరు-హోసూరు దారిలో 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్ణాటక చివరి ఊరు అత్తిబెలె. పగలు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి, సాయంత్రం గిటారు పట్టే కుర్రాళ్లకు ఇటువైపు కొదవ లేదు. పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు, చర్చి పాటల బృందాలు... ఎక్కడైనా బేసు లేనిదే పాటకు బరువు రాదు. పేరున్న కంపెనీ బేస్ యాంప్లిఫయర్ కొనాలంటే చేతిలో అంత డబ్బు ఆడదు. అందుకే బెంగళూరు ఎస్.పి. రోడ్డుకెళ్లి ట్రాన్స్‌ఫార్మరు, బోర్డు, స్పీకరు తెచ్చుకోవడం, ఊళ్లో వడ్రంగి చేత పెట్టె కొట్టించుకోవడం. హైదరాబాదు వాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీ ఎలాగో, చెన్నై వాళ్లకు రిచీ స్ట్రీటు ఎలాగో, వీళ్లకు ఎస్.పి. రోడ్డు అలాగ.

పెట్టె తయారవుతుంది. పాట మొదలైతేనే అసలు పరీక్ష.

బేసుకే ఎందుకీ తిప్పలు?

అదే బాక్సులో సినిమా పాట పెడితే బాగానే మోగుతుంది. మైకులో మాట్లాడినా బాగానే ఉంటుంది. గిటారు పెట్టేసరికి మొరాయిస్తుంది. కారణం ఉంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందపు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అయిదు తీగల గిటారైతే 31 సార్లే. స్వరం ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా అంతే మోత రావాలంటే స్పీకరు కోను నాలుగింతల దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. పైగా మనిషి చెవికి మంద్రస్వరాలు తక్కువగా వినిపిస్తాయి. ఈ సంగతిని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే లెక్కకట్టి చూపించారు. వినపడలేదని వాల్యూం పెంచుతాం. యాంపు, స్పీకరు రెండూ అలిసిపోతాయి.

కొన్న కంపెనీ సరుకుకూ ఈ కష్టం తప్పలేదు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చిన తర్వాత దానికి తగ్గ యాంపు కోసం ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. 1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ తెచ్చింది. దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి పెట్టిన పెట్టెలు. ఒక్క పెద్ద స్పీకరు మీద భారం మోపకుండా ఎనిమిదింటికి పంచడమే అందులోని కిటుకు.

ఎప్పుడు అరుస్తుందో చూడాలి

డాక్టరు ‘నొప్పి ఎప్పుడొస్తుంది?’ అని అడిగినట్టే, ఇక్కడా మొదటి ప్రశ్న అదే. సన్నగా వాయించినా గరగరలాడుతుంటే ఒక రోగం. గట్టిగా వాయిస్తేనే చీలిపోతుంటే ఇంకో రోగం. ఒకే ఒక్క స్వరం దగ్గర గిలగిలలాడితే అది మూడోది.

రెండో మెట్టు అదలాబదలా. బాగున్న ఇంకో బాక్సును అదే యాంపుకు తగిలించాలి. అరుపు అలాగే ఉంటే తప్పు బాక్సుది కాదన్నమాట. అరుపు పోతే పెట్టెనో స్పీకరునో చూడాలి. బాక్సు ఓములు మాత్రం యాంపుకు సరిపోయేవే ఉండాలి. ఇది చేయకుండా స్క్రూడ్రైవరు పట్టుకుని యాంపు విప్పడం, ఉన్నవి మార్చడం... సగం డబ్బులు ఇక్కడే పోతాయి.

తొమ్మిది వోల్టుల బ్యాటరీ

చాలాసార్లు తప్పంతా గిటారులోనే ఉంటుంది. యాక్టివ్ రకం బేస్ గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే గట్టిగా మీటినప్పుడల్లా శబ్దం చీలుతుంది. ఈ గిటార్లలో సాధారణంగా వైరు గుచ్చితే బ్యాటరీ ఆన్ అవుతుంది, పీకితే ఆఫ్ అవుతుంది. ప్రాక్టీసు అయ్యాక వైరు అలాగే వదిలేసి పడుకుంటే పొద్దుటికి బ్యాటరీ దిగిపోతుంది. యాంపు రిపేరుకని బస్సెక్కే ముందు ఒక కొత్త బ్యాటరీ వేసి చూడటం మేలు.

ఇంకోటి... గిటారును మైకు సాకెట్లో గుచ్చడం. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. గిటారు అంతకు ఎన్నో రెట్లు పంపుతుంది. మొదటి మెట్టులోనే పొంగిపోతుంది. మాస్టర్ వాల్యూం ఎంత తగ్గించినా ఆ గరగర తగ్గదు. పోనీ అని ఆక్స్ సాకెట్లో పెడితే శబ్దం మొద్దుబారుతుంది. బ్యాటరీ లేని పాసివ్ గిటారుకు పది లక్షల ఓముల ఇన్‌పుట్ కావాలి. ఆక్స్‌లో చాలాసార్లు పదివేలే ఉంటుంది. మధ్యలో చిన్న ప్రీయాంపు పెట్టుకుంటే ఈ గొడవ తీరిపోతుంది.

డబ్బా మీద 200, లోపల 56

ఇక యాంపు. ఇక్కడ లెక్క తప్పించుకోలేం. 24-0-24 ట్రాన్స్‌ఫార్మరు వేస్తే, డయోడ్లు దాటి వచ్చే డీసీ అటూ ఇటూ 33 వోల్టుల దాకా. ట్రాన్సిస్టర్లలో పోగా స్పీకరుకు చేరే గరిష్ఠం 30 వోల్టులనుకుందాం. ఎనిమిది ఓముల స్పీకరుకు అది 56 వాట్లు. డబ్బా మీద 200 అని రాసుకున్నా, పీఎంపీవో అంటూ వెయ్యి రాసుకున్నా లోపల నుంచి వచ్చేది ఇంతే. అంతకు మించి అడిగితే అలల నెత్తి కత్తిరించినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా చదునైన అల మామూలు అల కన్నా రెట్టింపు వేడిని స్పీకరు కాయిల్లోకి పంపుతుంది. ‘చిన్న యాంపే కదా, స్పీకరు ఎట్లా కాలింది?’ అనే ప్రశ్నకు జవాబు ఇదే.

మండపంలో కరెంటు 230 నుంచి 190 వోల్టులకు పడిపోతే యాంపు సత్తాలో మూడో వంతు గాల్లో కలిసిపోతుంది. ఇంట్లో ప్రాక్టీసులో బాగా మోగి, సీరియల్ లైట్లన్నీ వెలిగాక పెళ్లిలో బర్రుమనడం వెనక రహస్యం చాలాసార్లు ఇదే. చిన్న ట్రాన్స్‌ఫార్మరు వేసినా అంతే. వంద వాట్లు బయటికి రావాలంటే ట్రాన్స్‌ఫార్మరు నూట యాభైకి పైనే మోయగలగాలి. ఫిల్టరు కెపాసిటర్లు పాతబడి నెత్తి ఉబ్బితే ‘హూం’ అనే మోత కూడా తోడవుతుంది.

సన్నగా వాయించినప్పుడే గరగరలాడి, వాల్యూం పెంచితే సర్దుకుంటుంటే అది బయాస్ తప్పు. ఒక ట్రాన్సిస్టరు పని ఆపి రెండోది అందుకునే మధ్యలో చిన్న ఖాళీ పడుతుంది. బోర్డు మీద ప్రీసెట్ తిప్పి దీన్ని సరిచేస్తారు. 0.22 ఓముల ఎమిటర్ రెసిస్టరు మీద 11 మిల్లీవోల్టులు చూపిస్తే 50 మిల్లీయాంపులు పారుతున్నట్టు. ఎంత ఉండాలనేది బోర్డును బట్టి ఉంటుంది. ప్రీసెట్‌ను ఎప్పుడూ అడుగు నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఒక్కసారి తిప్పేస్తే ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి.

నకిలీ ట్రాన్సిస్టర్లు ప్రపంచమంతా ఉన్న బెడద. పైన 5200 అని అచ్చుంటుంది. లోపలి సిలికాన్ ముక్క మాత్రం సగం కూడా ఉండదు. ధర మరీ చవగ్గా ఉంటే అనుమానించాల్సిందే.

కోను మీద వేళ్లు

కరెంటు ఆపి, రెండు చేతుల వేళ్లూ కోను చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాలి. గీసుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోందని అర్థం. అది కాలి ఉబ్బినా, ఫ్రేము వంకరపోయినా ఇలాగే అవుతుంది. స్క్రూలు ఒక వైపే బిగించి ఫ్రేమును మెలిపెట్టేవాళ్లూ ఉన్నారు. వాటిని వదులుచేసి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తే కొన్నిసార్లు స్పీకరు బతికిపోతుంది.

మల్టీమీటరు పెడితే ఎనిమిది ఓముల స్పీకరు ఆరు చిల్లర చూపిస్తుంది. అది మామూలే. ఎనిమిది ఓములవి రెండు పక్కపక్కన కలిపితే నాలుగు ఓములు. యాంపు నాలుగును మోయలేకపోతే వేడెక్కి చీలుతుంది. రెండు స్పీకర్లుంటే ప్లస్, మైనస్ చూసుకోవాలి. టార్చిలైటు సెల్లు ఒక్కటి చాలు. సెల్లు ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు తాకిస్తే కోను బయటికి దూకాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతుంటే రెండూ కొట్టుకుని బేసే మాయమవుతుంది. ఆ లోటు తీర్చాలని వాల్యూం పెంచితే మళ్లీ బర్రు.

పెట్టెలో అగరుబత్తి

అన్నీ బాగున్నా ఒక్క స్వరం దగ్గరే గిలగిల వస్తే పెట్టెను చూడాల్సిందే. వదులైన జాలీ, హ్యాండిల్, కోనుకు తగులుతున్న లోపలి వైరు, జిగురు వదిలిన పట్టీ... ఏదైనా కావొచ్చు. ఇప్పుడు సెల్‌ఫోన్లోనే టోన్ జనరేటర్ యాప్‌లు వస్తున్నాయి. యాంపుకు తగిలించి 40 నుంచి 200 దాకా మెల్లగా పెంచుతూ పోతే ఏ స్వరం దగ్గర అరుస్తుందో దొరికిపోతుంది. అక్కడ ఆపి, పెట్టె మీద చెయ్యి వేస్తూ వెళ్లాలి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో దొంగ అక్కడే.

మూసిన పెట్టెలో గాలి కారితే ‘ఉస్స్’ మంటుంది. బేసు నోట్ మోగుతుండగా అంచుల వెంబడి అగరుబత్తి తిప్పితే పొగ ఊగే చోటే కంత. ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి పూడిస్తే సరి. స్పీకరు కింద ఫోం పట్టీ వేయాలి. చెక్క 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే మంచిది. లోపల అడ్డంగా ఒక కొయ్య బద్దె బిగిస్తే పలకలు ఊగవు. పార్టికల్ బోర్డు తేమకు ఉబ్బి స్క్రూలను వదిలేస్తుంది.

ముందు రంధ్రం పెట్టి గొట్టం బిగించే పెట్టె విషయంలో మరింత జాగ్రత్త. ఈ పద్ధతికి 1932లోనే బెల్ ల్యాబ్స్ ఇంజినీరు థురస్ పేటెంటు తీసుకున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల్లో స్మాల్ లెక్కలన్నీ తేల్చారు. ఆ లెక్క కట్టాలంటే స్పీకరు కొలతల కాగితం ఉండాలి. పేరులేని స్పీకరుకు ఆ కాగితం రాదు. అంచనాతో పెట్టిన గొట్టం 60 దగ్గర శ్రుతి కలిస్తే, 41 నోటు వాయించినప్పుడు లోపల గాలి పట్టు ఉండదు. కోను గాల్లో జెండాలా ఊగి చివరకు తట్టుకుంటుంది. కాగితం లేనివాళ్లకు మూసిన పెట్టే క్షేమం. మోత కొంచెం తగ్గినా స్పీకరు మిగులుతుంది. యాంపులో బేసు నాబ్ కొంచెం వెనక్కి తిప్పితే కూడా మేలే. మందపాటి తీగ స్వరంలో చెవి ఎక్కువగా పట్టుకునేది దాని రెట్టింపు, 82 దగ్గరి భాగాన్నే.

హూం ఆగాలని ఎర్తు పీకొద్దు

‘హూం’ మోత ఆగిపోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసేవాళ్లున్నారు. గిటారిస్టు వేళ్లు ఇనుప తీగల మీద ఉంటాయి. పెదాలు మైకుకు తగులుతాయి. రెండిట్లో ఒకదానికి ఎర్తు లేకపోతే కరెంటు పారే దారి ఒంట్లోంచే. స్కాట్లాండ్ గిటారిస్టు లెస్లీ హార్వే 1972 మే 3న స్వాన్సీ నగరంలో స్టేజీ మీదే ఇలా ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎర్తు సరిగా లేని మైకును పట్టుకోవడమే కారణం.

రిపేరు చేసేవాళ్లకూ ప్రమాదమే. స్విచ్ ఆపినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. 100 ఓముల, 10 వాట్ల రెసిస్టరుతో దాన్ని దించాకే చెయ్యి పెట్టాలి. రిపేరయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల పాతకాలపు బల్బును సిరీస్‌లో పెట్టాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది, వెంటనే ఆపేయాలి.

బర్రుమన్నా హిట్టే!

తప్పు ఒక్కోసారి అదృష్టం కూడా. అమెరికాలో మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ పాట రికార్డింగ్‌లో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేసు వాయించాడు. మిక్సరులో ఒక చానల్ చెడి శబ్దం బర్రుమంది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. పాట హిట్టయింది. అదే మోతను తెచ్చే ‘ఫజ్’ పెట్టెను 1962లో అమ్మకానికి పెట్టారు.

పెళ్లి రిసెప్షన్లో మాత్రం ఆ వాదన చెల్లదు. చీటీ పంపినాయనకు పాట కావాలి. రాత్రి పదికి మైకు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆలోపు ఆ పాట శుభ్రంగా మోగాలి. కాబట్టి స్టేజీ ఎక్కే ముందే, సాయంత్రం లైట్లన్నీ వేయించి, మందపాటి తీగ ఒక్కసారి గట్టిగా మీటి చూసుకోవడం మంచిది. జేబులో ఒక కొత్త బ్యాటరీ కూడా ఉండాలి.