మంచు కురవని ఊరిలో చలి హెచ్చరిక
బీదర్ శీతకాల వాతావరణ సూచనను అర్థం చేసుకోవడం ఎలా?

డిసెంబరు, జనవరి మాసాలలో వాతావరణ వార్తలు రెండు విషయాలను తరచుగా ఒకేసారి చెబుతాయి. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ కొండలపై హిమపాతం మొదటిది. బీదర్, కలబురగి, విజయపుర జిల్లాలలో శీతల గాలులు రెండవది. తెల్లని కొండల చిత్రాలు చూపరులను ఆకట్టుకుంటాయి. రెండవ వార్త ఒకటి రెండు అంకెలతో ముగిసిపోతుంది. బీదర్‌లో మంచు కురవదు గనుక ఇక్కడి చలికి అంతగా భయపడనక్కరలేదని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం సరైనది కాదు. మనిషి ప్రాణానికి ముప్పు కలగడానికి నీరు గడ్డకట్టేంత చలి అవసరం లేదు. చాలీచాలని దుప్పటి, తడిసిన బట్టలు, వట్టి నేలపై నిద్ర, ముదిమి లేదా పసితనం తోడైతే పది డిగ్రీల చలి కూడా ప్రాణాంతకం కాగలదు.

మాటలలోని తేడా

తెలుగులో ‘మంచు’ అనే మాటకు అర్థాలు అనేకం. ఆకాశం నుంచి కురిసే హిమం మంచే; వేకువన గడ్డిపరకపై నిలిచే బిందువు మంచే; దారి కనిపించకుండా కమ్ముకొనే పొగ వంటి తెర కూడా మంచే. కన్నడంలో ఈ మూడింటికీ వేర్వేరు మాటలున్నాయి. హిమాన్ని ‘హిమ’ అనీ, మంచుబిందువులను ‘ఇబ్బని’ అనీ, పొగమంచును ‘మంజు’ అనీ అంటారు. కాబట్టి కన్నడ వార్తలలో ‘దట్ట మంజు’ అని వినిపిస్తే దట్టమైన పొగమంచు అని గ్రహించాలి. అది ముఖ్యంగా వాహనాలు నడిపేవారికి ఉద్దేశించిన హెచ్చరిక.

‘చళి గాళి’, ‘శీత గాళి’ అంటే శీతల గాలి. ‘శీత అలె’ అంటే శీతల తరంగం. ‘కనిష్ఠ ఉష్ణాంశ’ అంటే కనిష్ఠ ఉష్ణోగ్రత. ‘ఒణ హవె’ అంటే పొడి వాతావరణం. రాష్ట్రవ్యాప్త సూచనలలో బీదర్ పేరు విడిగా వినిపించకపోవచ్చు. అటువంటప్పుడు ‘ఉత్తర ఒళనాడు’ అనే మాట కోసం వేచి ఉండాలి. అది ఉత్తర కర్ణాటక అంతర్భాగానికి వాతావరణ శాఖ వాడే పేరు. బీదర్ జిల్లా అందులోనిదే.

బీదర్‌లో చలి ఎందుకు తీవ్రం?

మొదటి కారణం ఎత్తు. బీదర్ పట్టణం ఎర్రని జేగురురాతి పీఠభూమిపై, సముద్రమట్టానికి సుమారు 650 నుంచి 700 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు వెళ్తే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన ఎత్తు వల్లనే హైదరాబాదు కంటె బీదర్ సుమారు ఒక డిగ్రీ చల్లగా ఉంటుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారికి ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది.

రెండవ కారణం పొడి గాలి, నిర్మలమైన ఆకాశం. పగలంతా ఎండకు కాగిన నేల రాత్రి తన వేడిని ఆకాశంలోకి వెదజల్లుతుంది. మబ్బులు ఉంటే అవి దుప్పటిలా ఆ వేడిలో కొంత భాగాన్ని తిరిగి నేలకు చేరుస్తాయి. బీదర్ సముద్రానికి దూరం. శీతకాలపు రాత్రులలో ఇక్కడ మబ్బు గానీ, గాలిలో తేమ గానీ స్వల్పం. అందుచేత నేల త్వరగా చల్లబడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బులు కమ్మిన రోజులలో రాత్రి చలి తగ్గినట్లు అనిపించడానికి కారణం ఇదే. మబ్బులు తొలగిన వెంటనే చలి మళ్లీ విజృంభిస్తుంది.

మూడవ కారణం ఉత్తరపు గాలి. మధ్యధరా సముద్ర ప్రాంతం నుంచి బయలుదేరే పశ్చిమ అలజడులు హిమాలయాలను చేరి అక్కడ మంచు కురిపిస్తాయి. అవి దాటిపోయిన తరువాత చల్లని పొడి గాలులు మైదానాల మీదుగా దక్షిణానికి వీస్తాయి. కొన్నిసార్లు అవి మహారాష్ట్ర దాటి బీదర్‌ను, తెలంగాణలోని ఆదిలాబాదును, జహీరాబాదు పరిసరాలను తాకుతాయి. కాశ్మీరు హిమపాతం వార్త విన్నవారు ఆ తరువాతి కొద్ది రోజుల స్థానిక సూచనను శ్రద్ధగా గమనించడం మంచిదనడానికి ఇదే ఆధారం.

సూచనలో చూడవలసినవి మూడు

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఆ శాఖ బెంగళూరు కేంద్రం కర్ణాటక జిల్లాలకు సూచనలు వెలువరిస్తుంది. వాటిలో మొదట చూడవలసింది కనిష్ఠ ఉష్ణోగ్రత. ఇది సాధారణంగా సూర్యోదయానికి కొద్ది ముందుగా నమోదవుతుంది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్నంత మాత్రాన రాత్రి సురక్షితమని భావించరాదు.

రెండవది, సాధారణంతో పోల్చినప్పటి వ్యత్యాసం. మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉండి, సాధారణం కంటె 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు తగ్గితే దానిని శీతల తరంగ స్థితిగా పరిగణిస్తారు. తగ్గుదల 6.4 డిగ్రీలను మించితే అది తీవ్ర శీతల తరంగం. ఉదాహరణకు, ఆ తేదీకి సాధారణ కనిష్ఠం 15 డిగ్రీలు అనుకుందాం. 12 డిగ్రీలు నమోదైతే అది చలి రాత్రి మాత్రమే. 10 అయితే శీతల తరంగ ప్రమాణానికి సరిపోతుంది. 8 అయితే తీవ్ర శీతల తరంగ ప్రమాణానికి చేరుతుంది.

మూడవది రంగు. ఆకుపచ్చ అంటే ప్రత్యేక చర్య అవసరం లేదు. పసుపు అంటే పరిస్థితిని గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. కన్నడ ప్రకటనలలో ఇవి వరుసగా హసిరు, హళది, కిత్తళె, కెంపు. నేలపై నిద్రించే కుటుంబాలు పసుపు హెచ్చరికనే నారింజగా భావించి సిద్ధపడటం క్షేమకరం. అందుకు కారణం కింద వివరించబడింది.

అంకెకు, ఒంటికి మధ్య దూరం

వాతావరణ కేంద్రంలోని ఉష్ణమాపకం ఆరుబయట వట్టిగా వేలాడదు. గాలి ఆడేందుకు చీలికలు గల తెల్లని చెక్కపెట్టెలో, నేలకు సుమారు 1.2 మీటర్ల పైన దానిని అమర్చుతారు. నిర్మలమైన, గాలి కదలని రాత్రి నేలను ఆనుకొని ఉన్న గాలి ఆ పెట్టెలోని గాలి కంటె కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. అంటే సూచనలోని 10 డిగ్రీలు మనిషి నడుము ఎత్తుకు సంబంధించిన అంకె. నేలపై పడుకున్నవారి అంకె కాదు.

నిర్మాణ స్థలాలలో కాపలా ఉండేవారు, ఇటుక బట్టీల వద్ద గుడిసెలలో ఉండేవారు, బస్టాండు అరుగులపై నిద్రించేవారు, వేకువకు ముందే వీధులు ఊడ్చే పౌరకార్మికులు ఈ తేడాను ఒంటితో అనుభవిస్తారు. రేకుల షెడ్డు కూడా రాత్రి వేళ త్వరగా చల్లబడుతుంది. గాలి వీస్తే ఒంటిని అంటిపెట్టుకొని ఉండే వెచ్చని పొర చెదిరిపోతుంది. అదే ఉష్ణోగ్రత మరింత చల్లగా తోస్తుంది.

ఈ కారణంగా పైన కప్పుకొనేదానితో సమానంగా కింద పరుచుకొనేది ముఖ్యం. గోనెపట్టాలు, అట్టలు, ఎండుగడ్డి, వాటిపైన బొంత పరిస్తే నేల ఒంటి వేడిని లాగివేయడం తగ్గుతుంది. ఒకే మందపు దుస్తు కంటె రెండు మూడు పలుచని పొరలు మేలు. పొరల మధ్య చిక్కుకొన్న గాలి వేడిని నిలుపుతుంది. తల, చెవులు, పాదాలు కప్పుకోవాలి. తడి బట్టలను వెంటనే మార్చుకోవాలి.

మూసిన గదిలో కుంపటి

చలి కంటె త్వరగా ప్రాణం తీయగలది చలిని పోగొట్టుకొనేందుకు గదిలో పెట్టుకొన్న కుంపటి. బొగ్గులు, కట్టెలు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా కలిసిపోతుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు కలుగుతాయి. నిద్రలో ఉన్నవారికి ఈ సూచనలేవీ తెలియవు. పొగ కనిపించని నిప్పు సురక్షితమనే నమ్మకం పొరపాటు. కణకణలాడే బొగ్గుల నుంచి కూడా ఈ వాయువు వస్తుంది.

అలవాటు లేని చలి ఏ దేశంలోనైనా ఇదే రీతిలో ప్రాణాలు తీస్తుంది. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే అమెరికాలోని టెక్సస్ సాధారణంగా వేడి ప్రాంతం. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుపాను వచ్చి లక్షలాది ఇళ్లకు విద్యుత్తు నిలిచిపోయింది. అధికారిక లెక్క ప్రకారం 246 మంది మరణించారు. అత్యధికులు చలి వల్ల మరణించగా, కొందరిని కార్బన్ మోనాక్సైడ్ బలిగొన్నది. అంతటి సంపన్న దేశంలోనూ వెచ్చదనం కోసం చేసిన ప్రయత్నమే కొన్ని ఇళ్లలో మృత్యువుకు దారితీసింది.

కుంపటి గానీ నెగడు గానీ ఆరుబయటనే ఉండాలి. చలి కాచుకొన్న తరువాత నిప్పును నీళ్లతో పూర్తిగా ఆర్పి, అటుపై లోపలికి వెళ్లి నిద్రించాలి. గదిలో వంట చేసేవారు వంట ముగిసే వరకు కిటికీ గానీ తలుపు గానీ తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్, టైర్లు, చెత్త తగలబెట్టరాదు.

ఎవరిని ముందుగా చూసుకోవాలి?

పసిపిల్లల ఒంటి వేడి త్వరగా తగ్గుతుంది. శిశువును తల్లి తన ఒంటికి హత్తుకొని ఇద్దరికీ కలిపి వస్త్రం కప్పుకోవడం మంచి రక్షణ. వృద్ధులకు చలి తీవ్రత వెంటనే తెలియకపోవచ్చు. చలికి రక్తనాళాలు కుంచించుకొని రక్తపోటు పెరుగుతుంది గనుక గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వేకువ నడకను ఎండ వచ్చే వరకు వాయిదా వేయడం మంచిది. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు నిప్పుకు దగ్గరగా కాళ్లు చాచరాదు. కాలినా వారికి తెలియకపోవచ్చు.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటె తగ్గితే ప్రమాదం మొదలవుతుంది. వణుకు, మాట తడబడటం, అడుగులు తూలడం, మగత దాని గుర్తులు. వణుకుతున్న మనిషి వెచ్చబడకుండానే వణకడం మానితే అది కోలుకోవడం కాదు, పరిస్థితి విషమించడం. ఇటువంటివారిని తాగి ఉన్నారని భావించి వదిలివేయడం తరచుగా జరిగే పొరపాటు. వారిని గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసివేసి, పొడి దుప్పట్లు కప్పాలి. స్పృహ ఉంటేనే గోరువెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దరాదు. మద్యం ఇవ్వరాదు, అది చర్మానికి రక్తప్రసరణ పెంచి వెచ్చగా ఉన్నట్లు భ్రమ కలిగిస్తూ లోపలి వేడిని బయటికి పోగొడుతుంది. ఆలస్యం చేయక 108 అంబులెన్సును పిలవాలి.

సాయంత్రమే చేయవలసిన పని

తెలంగాణ పల్లెలలో కటికచలిని ‘ఇగం’ అంటారు. శివరాత్రితో చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోతుందని తెలుగునాట ఒక నానుడి ఉన్నది. అంతవరకు ప్రతి సాయంత్రం మూడు పనులు అలవాటు చేసుకోవాలి. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతను, హెచ్చరిక రంగును తెలుసుకోవాలి. పరుపు కిందికి, ఒంటి పైకి కావలసిన పొరలను చీకటి పడకముందే సిద్ధం చేసుకోవాలి. ఇరుగుపొరుగున ఒంటరిగా ఉన్న వృద్ధులను, కొత్తగా వలస వచ్చిన కుటుంబాలను ఒకసారి పలకరించాలి.

ఆరుబయట నిద్రించేవారి కోసం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనలు లక్ష జనాభాకు కనీసం 100 మందికి వసతి ఉండాలని నిర్దేశించాయి. అటువంటి వసతి అవసరమైనవారు కనిపిస్తే పురపాలక కార్యాలయానికి పగటిపూటే తెలియజేయాలి. రాత్రి రెండు గంటలకు చలికి ముడుచుకొన్న మనిషి తనంతట తాను లేచి సాయం వెతుక్కోలేకపోవచ్చు. అతని విషయం సాయంత్రం ఆరు గంటలకే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.