రెసిస్టరు ప్లగ్గు, రెసిస్టరు క్యాపు

మోటారు సైకిలుపై పిల్లలను దించిపోవు తండ్రులు కొందఱు మమ్ము అడుగుచుందురు: ప్లగ్గు పేరులో ‘ఆర్’ అను అక్షరమున్న నేమి, లేకున్న నేమి? పైకి రెండును ఒక్క తీరుననే యుండును. భేదము లోపల నున్నది.

ప్లగ్గు కొనల నడుమ నిప్పురవ్వ ఎగిరినపుడు పెట్రోలు ఆవిరి అంటుకొనుటయే గాక రేడియో తరంగములును పుట్టును. 1887లో జర్మనీలో హెర్ట్జ్ పండితుడు ఆ తరంగములను పుట్టించినది ఇట్టి రవ్వతోనే. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు దూరముననున్న గంటను మ్రోగించినది అట్టి తరంగములతోనే. అయితే బండిలో అవి చిక్కు తెచ్చును. పూర్వము ఆ చిక్కు ఇరుగుపొరుగు రేడియోలలో గరగరతో సరిపోయెడిది. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన పిదప క్రొత్త బండ్లలో చాలవఱకు పెట్రోలును కొలిచి చిమ్మించునది చిన్న కంప్యూటరు. దాని తీగలలోనికి ఈ తరంగములు చొరబడిన ఇంజను తడబడవచ్చును, ఆగిపోవచ్చును. విమానాశ్రయపు కార్లు పరుగెత్తు మన హైదరాబాదు రహదారిపై అట్లాగుట ప్రాణముతో చెలగాటము.

దీనికి మందు సుమారు 5,000 ఓముల నిరోధము. అది ప్లగ్గు పింగాణీలోపలనో, క్యాపులోనో ఉండును. దానివలన రవ్వ బలహీనపడునని మెకానిక్కులలో ఒక నమ్మకము కలదు. మాకది సరికాదని తోచుచున్నది. రవ్వ ఎగురుటకు ముందు నిరోధముగుండ పాఱు కరెంటు అత్యల్పము. కనుక పదివేల వోల్టులకు పైబడిన ఒత్తిడి దాదాపు అంతయు కొనలకు చేరును. ఎగిరిన పిదప కరెంటు 50 మిల్లీ ఆంపియరులనుకొన్నను, నిరోధము మ్రింగునది 250 వోల్టులే. పదవ తరగతివారు ఓము సూత్రముతో సరిచూచుకొనవచ్చును.

క్రొత్త బండికి దాని పుస్తకములో వ్రాసిన ప్లగ్గునే కొనవలెను. ఎన్.జి.కె.వారి ‘బి.పి.7హెచ్.ఎస్.’ సాదా ప్లగ్గు, ‘బి.పి.ఆర్.7హెచ్.ఎస్.’ రెసిస్టరు ప్లగ్గు. మైకో అను పేర మన బెంగళూరులోనే ప్లగ్గులు చేసిన బాష్ వారిదియు ఇట్టి పద్ధతియే. కాని అంకెల విషయమున జాగ్రత్త! ఎన్.జి.కె.లో అంకె పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది, బాష్‌లో వేడిది. కంపెనీ మార్చునపుడు అంకెను చూచి కొన్నవాఱు మోసపోవుదురు.

మైసూరులో 1961 నుండి 1996 వఱకు తయారైన జావా, యెజ్డీల వంటి పాయింట్ల బండ్లకు కంప్యూటరు బెడద లేదు. సాదా ప్లగ్గు, రెసిస్టరు క్యాపు చాలును. రెండును రెసిస్టరువైన నిరోధము 10,000 ఓములగును. మంచి కాయిలు దానిని భరించును. ముసలి కాయిలైనచో ఒక్కటి చాలుననుట మా సలహా.

క్యాపును పరీక్షించుటకు ఇంజనును ఆపి, క్యాపును తీగనుండి విప్పి, మీటరుతో రెండు కొనలను తాకించవలెను. 5,000 ఓముల చెంత ముల్లు నిలిచిన మంచిది. అసలు కదలకున్న లోపలి రెసిస్టరు తెగినదని గ్రహించి, క్యాపును మార్చవలెను.