మేయో ప్రభువు: ఒక హత్య, ఒక ఉత్తరువు

మేయో ప్రభువు పేరు వినగానే చరిత్ర చదివినవారికి అండమాను దీవులును, ఒక ఖైదీ చేతి కత్తియును జ్ఞప్తికి వచ్చును. భారతదేశమున పదవిలో నుండగా హత్యచేయబడిన వైస్రాయి ఆయన యొక్కడే. కాని ఆ మరణమునకు పదునాలుగు నెలల ముందు ఆయన ప్రభుత్వము వెలువరించిన ఉత్తరువు అంతకంటె దీర్ఘకాలము జీవించినది. అది పెక్కుమందికి తెలియదు.

ఆయన అసలు పేరు రిచర్డ్ బర్క్. 1822 ఫిబ్రవరి 21వ తేదీన డబ్లిన్ నగరమున జన్మించెను. ఐర్లండులో తరతరములుగా స్థిరపడి, భూములను అధికారమును చేతనుంచుకొని, ఇంగ్లండుతో సంబంధము విడువని కుటుంబములను ఆంగ్లో-ఐరిష్ కుటుంబములందురు. బర్క్ వంశ మట్టిదే. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకి, ఐర్లండున ఘోరక్షామ మారంభమయ్యెను. యువకుడైన బర్క్ కిల్డేర్ ప్రాంతమున క్షామనివారణకు పాటుపడెను. 1847లో ఆ ప్రాంతమునుండియే పార్లమెంటుకు ఎన్నికయ్యెను. తరువాత మూడు పర్యాయములు ఐర్లండు ప్రధాన కార్యదర్శి పదవి నిర్వహించి, 1867లో తండ్రి మరణింపగా ఆరవ మేయో ప్రభువయ్యెను. మరుసటి యేడు డిజ్రేలీ ఆయనను వైస్రాయిగా నియమించెను. 1869 జనవరిలో కలకత్తాలో పదవి స్వీకరించెను.

అప్పటికి భారత ప్రభుత్వపు ఆదాయమునకు మించి వ్యయమగుచుండెను. కారణము తెలిసికొనుటకు ఒక ఉమ్మడి కుటుంబమును తలచుకొనుడు. ఇనుప పెట్టె తాళము పెద్దవాని మొలనున్నది. తమ్ములు సంపాదించినదంతయు అందులో వేయవలెను. కావలసినది అడిగి తీసికొనవలెను. పొదుపుచేసినవానికి లాభము లేదు. గట్టిగా అడిగినవానికి ఎక్కువ దొరకును. అపుడు పొదుపుచేయు వాడెవడు? రాష్ట్ర ప్రభుత్వముల స్థితి యిదియే. స్వల్పవ్యయమునకు సైతము కలకత్తా అనుమతి కావలెను. సంవత్సరాంతమున మిగిలినది కేంద్ర ఖజానాకు పోవును.

1870 డిసెంబరు 14వ తేదీ ఉత్తరువు ఈ పద్ధతిని మార్చెను. చెరసాలలు, పోలీసు, విద్య, వైద్యము, రిజిస్ట్రేషను, రోడ్లు, కట్టడములు మున్నగు శాఖలు రాష్ట్రముల కప్పగింపబడినవి. వానికై ఏటేట నిర్ణీతమైన మొత్తము ఇయ్యబడును. మిగిలినచో రాష్ట్రమునకే దక్కును. చాలనిచో పొదుపువలననో, స్థానికమైన పన్నులవలననో పూరించుకొనవలెను. మేయో జీవితకాలముననే లోటు తొలగి మిగులు కనబడెను.

అయితే ఈ మిగులునకు మూల్యము చెల్లించిన వారెవరు? ఆదాయపు పన్ను పెరిగెను; మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలలో ఉప్పుపై సుంకము హెచ్చెను. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 నాటి స్థానిక నిధుల చట్టము రోడ్లకును పాఠశాలలకును రైతులనుండి సెస్సు వసూలుచేయుటకు వీలు కల్పించెను. ఆనాడు అందులో చేరియుండిన తెలుగు జిల్లాలకును ఇది వర్తించెను. గ్రామసీమలకు బాటయు బడియు సమకూరుటకు ఒక మార్గ మేర్పడిన మాట నిజమే. కాని వ్యయముచేయు అధికారము కలకత్తానుండి మద్రాసుకు దిగివచ్చినదే గాని, పన్నిచ్చు రైతు చేతికి రాలేదు. అతని నెవరును సంప్రదింపలేదు.

1872 ఫిబ్రవరి 8వ తేదీన మేయో అండమానులోని ఖైదీల నివాసములను పరిశీలించెను. రోగులైనవారికి ఆరోగ్యకేంద్రము నెలకొల్పుటకు తగునేమో చూచుటకై సాయంకాలము హారియట్ కొండ నెక్కెను. ఆ కొండకే 2021లో మణిపూర్ పేరు పెట్టబడినది. చీకటిపడు వేళ దిగివచ్చి హోప్‌టౌన్ రేవున పడవ నెక్కబోవుచుండగా, యావజ్జీవశిక్ష ననుభవించుచున్న షేర్ అలీ అఫ్రీదీ వెనుకనుండి కత్తితో పొడిచెను. మేయో స్వల్పకాలములోనే మరణించెను. అఫ్రీది మార్చి 11వ తేదీన ఉరితీయబడెను. మేయో దేహమును ఐర్లండునకు గొనిపోయి కిల్డేర్‌లో ఖననముచేసిరి.

ఆయన తాకిన సమస్య మాత్రము మిగిలియున్నది. స్వతంత్ర భారత రాజ్యాంగములోని 280వ అధికరణము ననుసరించి 1951లో మొదటి ఆర్థిక సంఘ మేర్పడెను. నాటినుండి ఒకదాని వెనుక నొకటిగా ఏర్పడిన ఆర్థిక సంఘములు కేంద్రము వసూలుచేయు పన్నులలో రాష్ట్రముల వాటాను విచారించుచున్నవి. 1870 నాటి ఉత్తరువున లేనిది ఇందొకటి కలదు: పన్నిచ్చువాడు నేడు ఓటరు. రోడ్డుకో, బడికో ధనము చాలలేదన్నచో, ఏల చాలలేదని అడుగు హక్కు అతనికి కలదు.