చీజ్ ఉండలు.. ఆవ ఘాటు.. అరవై రోజులు!

లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు మా రూమ్మేట్ అన్న ఏమీ మాట్లాడలేదు. ల్యాప్‌టాప్ మూసి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. అది డాలస్‌లో డిసెంబర్ మొదటివారం. వీధంతా క్రిస్మస్ లైట్లు, మా ఇంట్లో మాత్రం నిశ్శబ్దం.

ఆ వారమే పక్కింటి పెద్దావిడ ఓ ప్లేట్ తెచ్చిచ్చింది. నిమ్మకాయంత ఉండలు. పైన కరకర, లోపల మెత్తన, నోట్లో పెడితే చీజ్ రుచి. పేరు సాసేజ్ బాల్స్. అమెరికా దక్షిణాది ఇళ్లలో క్రిస్మస్‌కి చేసుకునే చిరుతిండి. పోర్క్ సాసేజ్, చెడార్ చీజ్, బిస్క్విక్ పిండి.. మూడే సరుకులు. ఆ పిండి 1931 నుంచీ అమెరికా షాపుల్లో ఉంది. అన్న పోర్క్ తినడు. సరే, చికెన్‌తో నేనే చేసి పెడదామనుకున్నా.

మొదటి ట్రే.. పెద్ద బగ్!

మనవాళ్ల వంట వీడియో చూసి ఓవెన్ 180కి పెట్టా. అరగంటైనా ఉండలు పచ్చిగానే ఉన్నాయి. అన్న బయటికొచ్చి ఓవెన్ వైపు చూసి, ‘ఒరేయ్, ఇక్కడ అది ఫారెన్‌హీట్ రా!’ అని పడీపడీ నవ్వాడు. మెయిల్ వచ్చాక అదే మొదటి నవ్వు. యూనిట్ల తేడాతో 1999లో నాసా ఏకంగా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌నే పోగొట్టుకుంది, నా చికెన్ ఎంత అన్నా! గోరువెచ్చని పచ్చి చికెన్ తింటే ప్రమాదం కాబట్టి ట్రే మొత్తం చెత్తబుట్టలోకే.

రెండోసారి ఇద్దరం కలిసి చేశాం. చీజ్ తురుముతూ అన్న ఇంటర్వ్యూల సంగతులు చెప్పడం మొదలెట్టాడు. గదిలో దొరకని మాటలు వంటింట్లో దొరికాయి.

మీరూ చేసేయండి

చికెన్ కీమా 450 గ్రాములు, చెడార్ తురుము 225 గ్రాములు, మైదా ఒకటిన్నర కప్పు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వెన్న 2 టేబుల్‌స్పూన్లు, అల్లంవెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియాల పొడి. చీజ్‌లో ఉప్పుంటుంది, కాబట్టి ఉప్పు కాస్త తగ్గించండి. అన్నీ చేత్తో బాగా కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఉండలు చుట్టండి. సుమారు 30 వస్తాయి. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 సెల్సియస్ (అమెరికాలో అయితే 350 ఫారెన్‌హీట్!) దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. లోపల వేడి 74 డిగ్రీలు దాటితే చికెన్ ఉడికినట్టే.

రెండు చిట్కాలు. కీమా తొడ మాంసంతో కొట్టించండి, బ్రెస్ట్ అయితే ఎండిపోతుంది. చీజ్ ఇంట్లోనే తురుముకోండి. ప్యాకెట్ తురుము అంటుకోకుండా పిండిలాంటి పొడి కలుపుతారు, దాంతో ఉండ సరిగ్గా కలవదు.

డిప్ మన స్టైల్‌లో

అక్కడ హనీ మస్టర్డ్‌తో తింటారు. అంటే తేనె, ఆవాలు.. ఆవ పెట్టిన కూరలు తిని పెరిగిన మనకి ఆవ ఘాటు కొత్తా? 2 టీస్పూన్ల ఆవపిండిని చల్లటి నీళ్లతో తడిపి 10 నిమిషాలు ఉంచండి. వేడినీళ్లు పోస్తే ఘాటు రాదు. అందులో 4 టేబుల్‌స్పూన్ల మయొనైజ్ లేదా గట్టి పెరుగు, 2 టేబుల్‌స్పూన్ల తేనె, కాస్త నిమ్మరసం, ఉప్పు. అంతే.

సంక్రాంతి వెళ్లింది. ఇంటర్వ్యూలు చివరి రౌండ్ దాకా వచ్చి ఆగిపోయాయి. జనవరి చివర్లో అన్నని ఎయిర్‌పోర్ట్‌లో దించి వచ్చా. దారిలో తినమని డబ్బాలో పన్నెండు ఉండలు పెట్టిచ్చా.

మొన్న విజయవాడ నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కొత్త ఓటీజీ, ట్రే నిండా ఎర్రగా కాలిన ఉండలు, పక్కన అమ్మ చేతి ఆవ డిప్. అన్న ఇంకా ఉద్యోగం వెతుకుతూనే ఉన్నాడు. ఫొటో కింద మాత్రం ఒకటే మెసేజ్:

‘180 పెట్టా రా. సెల్సియస్‌లో.’